పశువైద్యానికి స్కానింగ్ మిషను కొనేటప్పుడు: ముందు ప్రోబు, తర్వాతే పెట్టె

మిషను అమ్మడానికి వచ్చినాయన ఫ్యాను కింద, టేబుల్ మీద పెట్టి చూపిస్తాడు. తెర మీద కుక్క గుండె ఎర్రగా, నీలంగా కొట్టుకుంటూ ఉంటుంది. చాలాసార్లు అది ముందే రికార్డు చేసి పెట్టిన బొమ్మ. మనకు తెలియాల్సింది వేరే. మే నెల మిట్టమధ్యాహ్నం, కొడవలూరు దగ్గర కొట్టం బయట, భుజం దాకా గ్లవ్ తొడిగి చెయ్యి లోపల పెట్టి, బర్రె కాలు జాడిస్తుండగా 32 రోజుల పిండం ఆ తెర మీద కనపడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది పశువుకు ఆనించి బొమ్మ పట్టే ప్రోబు, దాని కేబులు, తెర వెలుగు. కేటలాగులో మొదటి పేజీ నిండా ఉండే రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్, టచ్ స్క్రీన్, నూటపాతిక ఆప్షన్లు ఆ పని దగ్గర పెద్దగా అక్కరకు రావు.

రిజిస్టరు ముందేసుకోండి

గత మూడు నెలల ఓపీ రిజిస్టరు తీసి నాలుగు అంకెలు రాసుకోండి: చూడి పరీక్షకు వచ్చిన బర్రెలు, ఆవులు; కృత్రిమ గర్భధారణ సూది వేయించినా నిలవక తిరిగి తిరిగి వచ్చేవి; గొర్రెల, మేకల మందలు; కుక్కలు, పిల్లులు. ఏ ప్రోబు కొనాలో ఈ నాలుగు అంకెలే తేల్చేస్తాయి.

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట లాంటి పెన్నా డెల్టా ఊళ్లలో ప్రాక్టీసయితే పని ఎక్కువగా ముర్రా గ్రేడు బర్రెలతోనే. ఆసనం ద్వారా లోపల పెట్టి చూసే లీనియర్ ప్రోబు, 5 నుంచి 8 మెగాహెర్ట్జ్ మధ్యది, అక్కడ ఒక్కటే చాలు. ఉదయగిరి, వరికుంటపాడు, పామూరు, కనిగిరి వైపు మెట్టకు పోతే గొర్రెల మందలు. వాటికి పొట్ట మీద ఆనించి చూసే కాన్వెక్స్ ప్రోబు కావాలి, 3.5 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలది. నెల్లూరు, ఒంగోలు టౌన్లలో కుక్కలు చూసే క్లినిక్కుకు మైక్రో కాన్వెక్స్ (చిన్న ముఖం ఉన్న కాన్వెక్స్), 5 నుంచి 8. ఒకే ప్రోబు ఈ మూడు పనులూ చేస్తుందని ఎవరన్నా చెబితే ఆ మాట మీద డబ్బు కట్టొద్దు.

ఎందుకంటే ఫ్రీక్వెన్సీ, అంటే ఆ మెగాహెర్ట్జ్ అంకె, పెంచితే బొమ్మ నాణ్యం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. మెత్తని కండలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 7.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో అల పొడవు 0.2 మిల్లీమీటర్లు, 3.5 దగ్గర 0.44. పొట్టి అల చిన్న వస్తువును కూడా పట్టిస్తుంది. కానీ దారిలో త్వరగా అరిగిపోతుంది. ఒక మెగాహెర్ట్జ్‌కు, ఒక సెంటీమీటరుకు దాదాపు అర డెసిబెల్ చొప్పున బలం పోతుంది. అందుకే 7.5 ప్రోబు 6, 8 సెంటీమీటర్ల దాకా అద్దంలా చూపించి, ఆ కింద అంతా పొగ కమ్మినట్టు చేస్తుంది. 3.5 ది 15 సెంటీమీటర్లు దాటి చూడగలదు గానీ అండాశయం మీద 4 మిల్లీమీటర్ల ఫాలికల్‌ను (అండం పెరిగే నీటి బుడగను) మచ్చగా కూడా సరిగా చూపలేదు. పెద్ద పశువులో ప్రోబును మనమే గర్భసంచి మీదికి తీసుకెళ్లి ఆనిస్తాం కాబట్టి లోతు అక్కర్లేదు. గొర్రెకు బయటినుంచి చూస్తాం, లోతు కావాలి. ఇంతే సంగతి.

బర్రెల దగ్గర ఇంకో చిక్కుంది. ఆవు అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక ఆ చోట ఏర్పడే గడ్డ) వేలికి బొడిపెలా తగులుతుంది. బర్రెలో అది చాలాసార్లు అండాశయం లోపలికి కూరుకుపోయి ఉంటుంది. చేత్తో చూసి ఏమీ లేదనుకున్నచోట తెర మీద గుండ్రంగా బూడిద రంగులో కనపడుతుంది. ఎండాకాలం బయటికి కనపడని మూగ ఎదలతో సతమతమయ్యే ఊళ్లలో ఈ ఒక్క ఉపయోగానికే స్కానరు కొనొచ్చు. దానికి అవసరమైనది మంచి 6.5 లేదా 7.5 లీనియర్, 128 ఎలిమెంట్లది (ఎలిమెంటు అంటే ప్రోబులో శబ్దం పంపి, అందుకునే చిన్న ముక్క). 64, 80 ఎలిమెంట్ల ప్రోబులు చవగ్గా వస్తాయి; చూడి ఉందో లేదో చెప్పడానికి సరిపోతాయి, అండాశయం చదవడానికి ఇబ్బంది పెడతాయి. కేటలాగులో ఎలిమెంట్ల సంఖ్య రాయకపోతే అడిగి రాయించుకోండి. ఇంకా పాతకాలపు మెకానికల్ సెక్టార్ ప్రోబులు కూడా సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతుంటాయి. వాటిలో లోపల క్రిస్టల్ మోటారుతో ఊగుతుంది, ఒక్కసారి కింద పడితే అంతే.

ఎన్ని రోజులకు ఏం కనపడాలి

డెమోలో మిషనును నిలదీయాలంటే ఈ లెక్కలు మీ దగ్గరుండాలి.

ఆవులో, బర్రెలో చేత్తో చూడి చెప్పేది 45 నుంచి 60 రోజుల మధ్య. స్కానరుతో 28, 30 రోజులకు నమ్మకంగా చెప్పొచ్చు. 30 రోజులకు పిండం ఒక సెంటీమీటరు ఉంటుంది. గర్భసంచి కొమ్ములో నల్లటి నీళ్లు, ఆ నీళ్లలో తెల్లటి చిక్కుడు గింజంత పిండం, దాని నడుమ మిణుకు మిణుకుమనే గుండె. ఆ మిణుకు కనపడాలి. నీళ్లు మాత్రమే చూసి చూడి అనేయకూడదు. గర్భసంచిలో చీము ఉన్నా, ఎదలో ఉన్నా ద్రవం కనపడుతుంది. అరవై రోజులకు ఆవు పిండం 6 సెంటీమీటర్లు దాటుతుంది. 55 నుంచి 70 రోజుల మధ్య జననాంకురం (తర్వాత జననాంగంగా మారే బుడిపె) ఎక్కడుందో చూసి పెయ్యా, కోడె దూడా చెప్పేవాళ్లున్నారు. దానికి చెయ్యి బాగా తిరగాలి, ప్రోబు బాగుండాలి. ఆ ఒక్క పని చూపించి ఖరీదైన మోడల్ అంటగడితే మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

నాలుగైదు నెలలు దాటాక గర్భసంచి పొట్టలోకి దిగిపోతుంది. లీనియర్ ప్రోబుకు పిండం అందదు, మాయ గర్భసంచికి అతుక్కునే బుడిపెలు మాత్రం కనపడతాయి. అప్పుడు చెయ్యే మేలు.

ముందుగా చెప్పగలగడంలో లాభం ఎంత? ముప్పయ్యో రోజున ఖాళీ అని తేలితే తర్వాతి ఎదకు సిద్ధం చేయొచ్చు. అరవై దాకా ఆగితే 21 రోజుల ఎద ఒకటి చేజారిపోయినట్టే. అయితే ఇక్కడే పెద్ద పొరపాటు పొంచి ఉంటుంది. ఖాళీ అనుకుని ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షను వేసి, నిజానికి చూడి ఉంటే, ఆ చూడి పోతుంది. బొమ్మ స్పష్టంగా లేనప్పుడు "వారం ఆగి మళ్లీ చూద్దాం" అనడమే సరైన రిపోర్టు. ముప్పయ్యో రోజున ఉన్నవాటిలో కొన్ని తర్వాత పోతాయి కాబట్టి అరవయ్యో రోజున ఇంకోసారి చూడటం ఎలాగూ తప్పదు. ఇది రైతుకు మొదటిరోజే చెప్పకపోతే నింద మిషను మీదికి వస్తుంది, ఆ తర్వాత మీ మీదికి.

గొర్రెల్లో పొట్ట మీద నుంచి 35, 40 రోజులకు మొదలవుతుంది. పిల్లలను లెక్కపెట్టాలంటే 45 నుంచి 90 రోజుల మధ్య. నెల్లూరు గొర్రెకు ఎక్కువగా ఒక్క పిల్లే కాబట్టి ఇక్కడ లెక్క కంటే చూడివీ గొడ్డువీ వేరుచేయడమే కాపరికి కావాల్సింది. చూడివాటిని ఒకపక్క మేపుకుంటాడు, వట్టివాటిని సంతకు తోలతాడు. విదేశీ వీడియోల్లో గొర్రె పొట్ట మీద ఉన్ని కత్తిరించడం చూపిస్తారు. మన నెల్లూరు గొర్రె ఉన్నిది కాదు, బొచ్చుది. గజ్జల్లో అసలే నున్నగా ఉంటుంది, జెల్ రాసి ఆనిస్తే చాలు. గొర్రెను నిలబెట్టి, కుడివైపు, పొదుగుకు కాస్త ముందుగా ప్రోబు పెట్టి ఎదుటి భుజం వైపు చూపించాలి. రాత్రి మేతా నీళ్లూ లేకుండా ఉంచి పొద్దున్నే చూస్తే పొట్ట తేలిగ్గా ఉండి బొమ్మ తేటగా వస్తుంది. మూత్రాశయాన్ని చూసి చూడి అనుకోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. అది నల్లటి సంచి, లోపల గోడలు గానీ బుడిపెలు గానీ ఉండవు. మాయ బుడిపెలు 45 రోజుల తర్వాత గారెల్లాగా, మధ్యలో గుంటతో కనపడతాయి. అవి చూశాకే చూడి అనండి. మంద సాఫీగా నడిస్తే గంటకు వంద దాకా చూడొచ్చు, అంటే ఒక్కోదానికి అర నిమిషం కాస్త పైన. ఆ వేగానికి తగ్గట్టు మిషను మెళ్లో వేలాడాలి, ఒక చేతికి మాత్రమే పని ఉండాలి.

మిషను ఆకారం

సంతలో మూడు రకాలు దొరుకుతున్నాయి.

ఫోనుకో ట్యాబుకో వైఫై మీద బొమ్మ పంపే వైర్‌లెస్ ప్రోబు ఒకటి. కేబులే లేదు కాబట్టి కేబులు తెగే బాధ లేదు. కుక్కలకూ గొర్రెలకూ బాగుంటుంది. ఆసనంలో పెట్టి చూడటానికి మాత్రం చాలా మోడళ్లు లావు, అరచేతిలో ఇమడవు. బ్యాటరీ ప్రోబులోనే ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది, వేడెక్కితే తనంతట తనే ఆగిపోతుంది. ఫోను మారినా, ఆండ్రాయిడ్ వెర్షన్ మారినా యాప్ పనిచేస్తుందా, ఏటా చందా కట్టాలా అన్నది కొనేముందే కాగితం మీద రాయించుకోవాలి.

రెండోది మెళ్లోనో ముంజేతికో నడుముకో కట్టుకునే చిన్న పెట్టె, దానికి కేబులుతో రెక్టల్ (ఆసనంలో పెట్టే) ప్రోబు. ఊళ్లు తిరిగే డాక్టరుకు ఇదే సరైనది, ఇందులో మాకు సందేహం లేదు. చదలవాడ పశుక్షేత్రంలోనో చింతలదేవి కామధేను కేంద్రంలోనో అయితే పశువును బిగించే ఏర్పాటు ఉంటుంది; ఊళ్లో వేపచెట్టుకు కట్టిన పలుపే దిక్కు. ఒంగోలు పెయ్య ఒక్క అడుగు పక్కకు వేసిందంటే స్టూలు మీద పెట్టిన ల్యాప్‌టాప్ రకం మిషను నేల మీద ఉంటుంది.

మూడోది ఆ ల్యాప్‌టాప్ రకమే. రెండు మూడు ప్రోబులు తగిలించొచ్చు, గుండె చూడటానికి డాప్లర్ ఉంటుంది. టేబుల్, కరెంటు, ఏసీ ఉన్న టౌను క్లినిక్కుకు బాగు. బైకు మీద పెట్టుకుని తిరగడానికి కాదు.

ఇవి కాక పిండం గుండె చప్పుడు వినిపించేవీ, లైట్లు వెలిగించి చూడి అని చెప్పేవీ చవక పరికరాలు కొన్ని ఉన్నాయి. వాటిలో బొమ్మ రాదు. నిండు మూత్రాశయాన్ని కూడా చూడి అని చెప్పేవి ఉన్నాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

ఎండ, ఉప్పుగాలి, కరెంటు

స్పెసిఫికేషన్ కాగితంలో అందరూ దాటేసే ఒక వరుస ఉంటుంది: పనిచేసే ఉష్ణోగ్రత. చాలావాటికి అది 0 నుంచి 40 డిగ్రీలు. మే నెలలో నెల్లూరు, ఒంగోలు నీడలోనే 40 దాటిపోతాయి. అంటే మిషను పనికి తీసే మధ్యాహ్నాలు సగం దాని హద్దుకు బయటే. 45, 50 దాకా రాసి ఉన్న మోడల్ దొరికితే దానికే మొగ్గండి. ఏది కొన్నా ఎండాకాలం పని పొద్దున పదికల్లా ముగించుకోవాలి, అది పశువుకూ మంచిదే. అద్దాలు మూసిన కారులో సీటు మీద మిషను వదిలేయడం బ్యాటరీని చంపడమే; లోపల 60 డిగ్రీలు దాటుతుంది, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. మూత ఊడినట్టు, పెట్టె అంచు లేచినట్టు కనపడితే చార్జింగు పెట్టకుండా బ్యాటరీ మార్చాలి.

కొత్తపట్నం, సింగరాయకొండ, అల్లూరు లాంటి సముద్రం పక్క మండలాల్లో ఉప్పుగాలికి ప్రోబు కనెక్టరు పిన్నులు చిలుము పడతాయి. ప్రోబు ఊడదీసి తగిలించే రకమైతే మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో దాచండి. పొట్లాల రంగు మారితే కొత్తవి వేయండి.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని అడిగితే నాలుగు గంటలు అంటారు. అది తెర వెలుగు తగ్గించి, మధ్య మధ్యలో బొమ్మ ఆపేసి లెక్కించిన నాలుగు. నిండు వెలుగులో ఆపకుండా నడిపి చూస్తే ఎంత వస్తుందో అదే అసలు లెక్క. బ్యాటరీ చేత్తో తీసి మార్చేదిగా ఉండాలి, రెండోది బిల్లులోనే చేర్పించాలి. కారులో చార్జింగు పెట్టే వైరు అడగండి, చాలామంది ఇవ్వడం మర్చిపోతారు.

వెలుగు సంగతి చెప్పాలంటే ఎండలో ఏ తెరయినా నల్లగానే కనపడుతుంది. బూడిద రంగుల్లో తేడా పట్టుకోవడమే మన పని కాబట్టి కొంచెం వెలుగు పడినా అండాశయం మాయమవుతుంది. దీనికి రెండు దారులు: తెర చుట్టూ గూడులా కట్టే నల్ల ముసుగు, లేదా కళ్లకు పెట్టుకునే గాగుల్స్. గాగుల్స్‌తో బొమ్మ చీకట్లో చూసినట్టు ఉంటుంది, కానీ పక్కన రైతుకు ఏమీ కనపడదు, మెడ నొప్పి వస్తుంది, పశువు తన్నబోతే మనకూ కనపడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు దాని మీదే పెట్టుకుని చూశాక కొనాలి.

ఐపీ నంబరు కూడా చూడండి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. ప్రోబు ఐపీ 67 ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు దిగదు. రెక్టల్ పనికి ఇది తప్పనిసరి, దాన్ని రోజూ కడగాలి కదా. పెట్టె ఐపీ 54 ఉన్నా పేడ చిందులకు తట్టుకుంటుంది.

కేబులు

ప్రోబు నుంచి కేబులు బయటికి వచ్చే మెడ దగ్గర రబ్బరు తొడుగు ఉంటుంది. మిషను చావు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. లోపల జుట్టంత సన్నని తీగలు, ఒక్కో ఎలిమెంటుకు ఒకటి చొప్పున ఉంటాయి. మణికట్టు తిప్పిన ప్రతిసారీ ఆ మెడ వంగుతుంది. కొన్నాళ్లకు ఒక తీగ తెగుతుంది. తెర మీద పైనుంచి కిందికి సన్నని నల్ల చార ఒకటి వస్తుంది. మొదట్లో కేబులు కదిపితే పోతుంది, మళ్లీ వస్తుంది. అప్పుడే పట్టుకోవాలి. నెల గడిస్తే రెండు, మూడు చారలు. ఆ చార సరిగ్గా పిండం గుండె మీద పడిందంటే బతికున్నది చచ్చినట్టు కనపడుతుంది.

డెమోలో ఆ మెడను వేళ్లతో వంచి చూడండి. గట్టిగా ఒకే చోట మడత పడితే మంచిది కాదు, పొడుగ్గా మెత్తగా వంగాలి. కేబులు పొడవు 2 మీటర్లకు తగ్గకూడదు. పొట్టి కేబులుతో పెట్టె పేడలోకి లాగబడుతుంది. పనయ్యాక కేబులును పెట్టె చుట్టూ బిగించి చుట్టొద్దు, జానెడు వెడల్పు చుట్టలుగా వదులుగా పెట్టాలి. కేబులు పట్టుకుని ప్రోబు వేలాడదీయడం అస్సలు వద్దు.

డెమో మీ చోట, మీ పశువు మీద

టేబుల్ మీద డెమోకు ఒప్పుకోకండి. రెండు గంటలు టైమివ్వమనండి. సూది వేసిన తేదీ తెలిసిన పశువులు మూడింటిని సిద్ధంగా ఉంచండి: 30, 35 రోజులది ఒకటి, రెండు నెలలు దాటింది ఒకటి, ఖాళీ అని తెలిసింది ఒకటి.

ముందు ప్రోబును గాలిలోనే, జెల్ లేకుండా, గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే సెట్టింగు) పెంచి చూడండి. తెర పైభాగంలో అడ్డంగా సమానమైన తెల్లటి పట్టీలు రావాలి. మధ్యలో నల్ల చార ఉంటే ఆ ఎలిమెంటు పోయింది. కొత్తదని చెప్పి డెమోలు తిరిగిన ప్రోబును అంటగట్టేవాళ్లు ఈ పరీక్షలోనే దొరికిపోతారు. తర్వాత ఒక చుక్క జెల్ రాసి, పేపర్ క్లిప్ అంచును ప్రోబు ముఖం మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా జరపండి. క్లిప్ ఉన్నచోట తెర మీద వెలుగు గీత వెంట నడవాలి. ఎక్కడైనా గీత తప్పిపోతే ఆ చోట పనిచేయడం లేదన్నమాట. అదే సమయంలో మెడ దగ్గర కేబులు కదపండి.

కొలత సరిచూడటానికి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, రెండు నైలాన్ దారాలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా 20 మిల్లీమీటర్ల ఎడంతో బిగించండి. ప్రోబు ముఖం నీళ్లలో ముంచి, దారాలకు అడ్డంగా పట్టి, రెండు చుక్కల మధ్య దూరం కొలవండి. మామూలు నీళ్లలో శబ్దం కండలో కంటే కొంచెం నెమ్మది కాబట్టి 2, 3 శాతం ఎక్కువ చూపించడం సహజం. 20.5 చూపితే మిషను బాగున్నట్టే. 23 చూపితే దాన్ని బట్టి పిండం వయసు చెబితే తప్పు పోతుంది.

ఇక పశువు దగ్గరికి. పేడ పూర్తిగా తీయండి. ప్రోబుకు తొడుగు వేస్తే లోపల చెంచాడు జెల్ పోసి గాలి బుడగ లేకుండా నొక్కండి. గాలి చిక్కుకుంటే కింద అంతా నలుపే, మిషను మీద తప్పు లేదు. ప్రోబును అరచేతిలో ముఖం కిందికి ఉండేట్టు పట్టి, ముందు మూత్రాశయాన్ని, తర్వాత గర్భసంచి కొమ్ములను, ఆపై అండాశయాలను వెతకండి. అమ్మే మనిషి కాకుండా మీరే చూడాలి. గ్లవ్ వేసుకున్న రెండో చేత్తో బొమ్మ ఆపే బటన్ నొక్కగలుగుతున్నారా, లోతు మార్చడానికి ఎన్ని బటన్లు నొక్కాల్సి వస్తోంది, ఆపేశాక కొన్ని సెకన్లు వెనక్కి తిప్పి చూడొచ్చా? గుండె మిణుకు దొరికాక పశువు కదిలిపోతే ఆ వెనక్కి తిప్పే సదుపాయమే ఆదుకుంటుంది. చివరగా బ్యాటరీ: మొదట ఎంత శాతం ఉందో రాసుకుని, రెండు గంటల తర్వాత ఎంత ఉందో చూడండి.

చట్టం

ఈ విషయం తేలిగ్గా తీసుకుంటే మిషను సీజవుతుంది. గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే పీసీ పీఎన్‌డీటీ చట్టం 1994 నాటిది. 2003 సవరణతో చేరిన 3బి సెక్షను ప్రకారం, పిండం లింగం కనిపెట్టగల స్కానరును ఆ చట్టం కింద రిజిస్టరు కానివారికి ఎవరూ అమ్మకూడదు. పశువైద్యులకు మినహాయింపు అని ఆ సెక్షనులో విడిగా రాసి లేదు. కాబట్టి అడ్వాన్సు కట్టకముందే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయంలో, మోడల్ పేరు, ప్రోబుల వివరాలు, మీ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నకలు జతచేసి, ఏం చేయాలో అర్జీ పెట్టి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. లింగ నిర్ధారణకు వాడనని అమ్మేవాళ్లు మీ దగ్గర అఫిడవిట్ తీసుకోవాలి. అది అడగని అమ్మకందారు నిబంధనలు పట్టించుకునే మనిషి కాదు. బిల్లు మీద పెట్టె సీరియల్ నంబరు, ప్రోబు సీరియల్ నంబరు విడివిడిగా ఉండాలి, పశువైద్యం కోసమని రాసి ఉండాలి. విదేశీ వెబ్‌సైటులో చవగ్గా దొరికిందని తెప్పించుకోవద్దు. ఆసుపత్రులు తీసేసిన మనుషుల మిషను సెకండ్‌హ్యాండ్‌లో కొనొద్దు, దాని పాత రిజిస్ట్రేషన్ మీ మెడకు చుట్టుకుంటుంది.

"డాక్టరుగారూ, మా కోడలిని కూడా ఒక్కసారి చూడండి" అని ఊళ్లో అడుగుతారు. సరదాకైనా, కడుపునొప్పికైనా మనుషుల మీద ప్రోబు పెట్టొద్దు.

డబ్బు లెక్క, వారంటీ

లెక్క వేసే పద్ధతి చూపడానికి కొన్ని అంకెలు అనుకుందాం. మిషను 2,40,000 రూపాయలు, ఐదేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి 48,000. జెల్, తొడుగులు, బ్యాటరీ, ప్రోబు రిపేరుకు పక్కన పెట్టేది ఏడాదికి 24,000. మొత్తం 72,000. రోజుకు రెండు చొప్పున నెలకు 25 రోజులు చూస్తే ఏడాదికి 600. ఒక్కోదానికి 120 రూపాయలు పడుతుంది. 200 మాత్రమే చూస్తే 360. మీ ఊళ్లో రైతు ఇవ్వగలిగేది ఈ అంకెకు కింద ఉంటే చిన్న మోడల్ చాలు, లేదా పక్క మండలం డాక్టరుతో కలిసి పనిరోజులు పంచుకునే ఏర్పాటు చూడాలి. రిపేరు సొమ్ము పక్కన పెట్టకుండా లెక్క వేస్తే మొదటి ప్రోబు పోయిన రోజున మిషను మూలన పడుతుంది. కొత్త ప్రోబు ధర మిషను ధరలో చిన్న భాగమేమీ కాదు. అందుకే విడి ప్రోబు ధర ఎంతో కొటేషనులోనే రాయించుకోండి.

వారంటీ పెట్టెకు ఒకలా, ప్రోబుకు ఒకలా, బ్యాటరీకి ఇంకోలా ఉంటుంది. మూడూ వేర్వేరుగా అడగండి. కేబులు తెగడం వారంటీలోకి వస్తుందా అన్నది సూటిగా అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోవాలి. రిపేరుకు మిషను ఏ ఊరు పోతుంది, ఎన్నాళ్లు పడుతుంది, ఆ రోజుల్లో బదులు మిషను ఇస్తారా? బదులివ్వని కంపెనీ పదివేలు తక్కువ చెప్పినా లాభం లేదు. అదే మోడల్ మీ జిల్లాలో రెండేళ్లుగా వాడుతున్న డాక్టర్లతో ఫోనులో మాట్లాడితే కేటలాగు చదివిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది.

కొన్నాక

ప్రతి ఇంటి దగ్గరా పనయ్యాక ప్రోబును మామూలు నీళ్లతో, తేలికపాటి సబ్బుతో కడిగి, మాన్యువల్‌లో చెప్పిన మందుతో తుడవండి. పశువుల్లో చూడి పోగొట్టే బ్రూసెల్లా లాంటి క్రిములు ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి, మన చేతికి కూడా పాకుతాయి. గ్లవ్, ప్రోబు తొడుగు పశువు పశువుకూ మార్చాలి. స్పిరిట్, కిరోసిన్, నూనె ప్రోబు ముఖం మీది రబ్బరును పగలగొడతాయి. జెల్ అయిపోయిందని కొబ్బరినూనె రాయడం మన దగ్గర మామూలే, ఆ అలవాటు మానాలి. జెల్ 5 లీటర్ల డబ్బా కొని చిన్న సీసాలో పోసుకుంటే చవక. కనెక్టరు మాత్రం ఎప్పుడూ నీళ్లలో ముంచొద్దు.

మొదటి యాభై పశువులకు ఒక నోటుపుస్తకం పెట్టండి: సూది తేదీ, స్కానులో చెప్పింది, 60వ రోజున చేత్తో తేలింది. తప్పులు ఏ రోజుల మధ్య వస్తున్నాయో యాభై దాటేసరికి తెలుస్తుంది. సాధారణంగా 28 రోజుల లోపు తొందరపడినవే ఉంటాయి.

మిషను చేతికి వచ్చిన రోజునే గాలి పరీక్ష, పేపర్ క్లిప్ పరీక్ష చేసి ఆ బొమ్మలు మిషనులోనే తేదీతో దాచండి. తర్వాత నెలకోసారి అదే గెయిన్, అదే లోతు పెట్టి చేసి పక్కపక్కన చూడండి. వారంటీ ముగియడానికి నెల ముందు తప్పకుండా ఒకసారి చేయాలి. అప్పటికి వెంట్రుకంత చార కనపడినా, కేబులు కదిపితే పోయేదైనా సరే, ఫోటో తీసి అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టండి. నెల దాటాక అదే చారకు డబ్బు మీరు కట్టాలి.